‘ఇంకా ఉంది’: చందమామ ధారావాహికలతో నా చెలిమి
(ప్లాటినమ్ జూబిలీ ఉత్సవాలలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సంఘం వారు నన్ను పాఠశాల జ్ఞాపకాలను గురించి మాట్లాడమని కోరారు. ఆ విషయంలో నాకంటె బాగా మాట్లాడగలవారు నలుగురైదుగురు ఇదే సభలో ఉన్నారు. పాత భవనం, చింతచెట్టు, వార్షికోత్సవ నాటకాలు వారి వంతుకు వదిలివేస్తున్నాను. నేను మాత్రం ఒక కథల వరుసను గురించి మాట్లాడడానికి అనుమతి అడిగాను. అడగగానే సంఘం కార్యదర్శిగారు నవ్వి, “మాంత్రికుల కథలా?” అన్నారు. ఔను, మాంత్రికుల కథలే. ఈ పాఠశాల నాకు అక్షరాలు నేర్పింది, ఛందస్సు నేర్పింది, విభక్తులు నేర్పింది. అయితే తెలుగు అక్షరం కనబడితే కన్ను దానివైపు పరుగెత్తే గుణం ఒకటి ఉంటుంది. అది నాకు పాఠ్యపుస్తకం వల్ల రాలేదు, చందమామ ధారావాహికల వల్ల వచ్చింది. ఇక్కడున్న నా ఈడువారిలో చాలామందికి కూడ అలాగే వచ్చిందని నా నమ్మకం.

ఈనాటి పిల్లల కోసం కొంత చరిత్ర చెప్పాలి. బి. నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు 1947లో ఇదే మద్రాసు నగరంలో చందమామను ప్రారంభించారు. అంటే ఆ పత్రిక, మన పాఠశాల ఇంచుమించు ఒక ఈడువి. 1952 నుంచి 1980లో మరణించేవరకు కొడవటిగంటి కుటుంబరావుగారు దాని సంపాదకత్వ బాధ్యత వహించారు. 1954లో ‘తోకచుక్క’ అనే ధారావాహిక మొదలయింది. తరువాత ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ వచ్చాయి. 1978లో ముగిసిన ‘భల్లూక మాంత్రికుడు’ కడపటిది. మొత్తం పన్నెండు. ఈ పేర్లు వరుసగా చదువుతుంటే సభలో తలలు నెరసిన కొందరి పెదవులు కదలడం చూస్తున్నాను. నేను ఒకటి మరచిపోతే అందించడానికి సిద్ధంగా ఉన్నారన్న మాట.

ఒక్క పేర్లతోనే మాకు ఎన్ని మాటలు వచ్చాయో ఆలోచించండి. మకరమంటే మొసలి అనీ, భల్లూకమంటే ఎలుగుబంటి అనీ, శిథిలమంటే కూలిపోయినదనీ మాకు ఏ నిఘంటువూ చెప్పలేదు. ‘శిథిల’లో థకారానికి పొట్టలో చుక్క ఉంటుందన్న సంగతి ఆ నాలుగు రంగుల శీర్షిక వల్లనే నా తమ్ముడికి శాశ్వతంగా గుర్తుండిపోయింది.

నేను చదువు బాగా పట్టుబడిన వయసులో ‘రాకాసిలోయ’ నడుస్తున్నది. అది 1961 నుంచి మూడేళ్ళకు పైగా సాగింది. నేటి పిల్లలకు మూడేళ్ళన్న మాటే వింతగా ఉంటుంది. నెలకు కొన్ని పుటలు, కొన్ని బొమ్మలు, అంతే. కథాభాగం మొదట ఒక చిన్న పేరాలో గడచిన కథ ఉండేది. అందులో ఏమి ఉంటుందో మాకు ముందే తెలుసు, అయినా దానిని వదలకుండా చదివేవాళ్ళం. తరువాత కథ. తీరా కేశవుడో గోమాంగో ఒక గుహ ముఖద్వారం వద్ద నిలిచి లోపలి నుంచి వచ్చే శబ్దాన్ని ఆలకించే సమయానికి పుట అడుగున కుండలీకరణాలలో రెండు మాటలు: ఇంకా ఉంది. ఆ రెండు మాటలకు నెల రోజుల ఆయువుండేది. ఆ నెలంతా మేము బడికి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కథను ముందుకు నడిపేవాళ్ళం. గుహలో ఉన్నది రాక్షసుడని ఒకడు, కాదు మరొక మాంత్రికుడని ఒకడు, అసలు శత్రువు కాడు మిత్రుడేనని మరొకడు. మా ఊహలలో ఒక్కటీ నిజమయ్యేది కాదు. రచయిత ప్రతిసారీ మాకంటె ఒక అడుగు ముందుండేవాడు.

ఆరవ తరగతిలో మాకు తెలుగు బోధించిన మాస్టారు ఒక పని చేసేవారు. శుక్రవారం చివరి గంటలో ఉక్తలేఖనం చెప్పవలసివచ్చినప్పుడు పాఠ్యపుస్తకం మూసి, చేతిసంచిలో నుంచి చందమామ తీసేవారు. ‘రాకాసిలోయ’ నుంచి ఒక పుట చెప్పి మమ్మల్ని రాయమనేవారు. ఆ తరగతికి గైరుహాజరన్నది ఉండేది కాదు. ఆ నెల సంచిక ఇంకా ఇంటికి చేరని పిల్లలు ఆత్రంగా రాసేవారు, చేరినవారు తమకు అన్నీ తెలుసునన్న ధీమాతో రాసేవారు. మాస్టారు ఒక్కొక్కప్పుడు వాక్యం మధ్యలో ఆపి, “తరువాతి మాట ఏమై ఉంటుంది?” అని అడిగేవారు. క్రియాపదం ఊహించిన వాడికి ఒక మార్కు ఎక్కువ. వాక్యం ఎటు పోతున్నదో, దాని క్రియ ఎక్కడ వచ్చి వాలుతుందో కనిపెట్టే విద్య మాకు అలా అబ్బింది. తరువాతి కాలంలో నేను న్యాయస్థానపు కాగితాల మధ్య ముప్పైయేళ్ళు గడిపాను. పొడుగాటి వాక్యంలో క్రియను వెదికి పట్టుకొనే నేర్పు అక్కడ నాకు చాలా ఉపయోగపడింది.

ఇక కథల సంగతి. ‘తోకచుక్క’లో కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు ఓడలతో బయలుదేరి మాంత్రికుల ద్వీపానికి చేరుతాడు. అక్కడ చతుర్నేత్రుడు, ఏకాక్షి అనే ఇద్దరు మాంత్రికుల వైరం మధ్య చిక్కుకొంటాడు. నాలుగు కన్నులవాడు ఒకడు, ఒంటికన్నువాడు ఒకడు. ఈ పేర్లు పెట్టడంలోనే ఒక చమత్కారం ఉన్నది. సమరసేనుడికి మాత్రం అందరిలాగే రెండు కన్నులు, ఒక కత్తి. ‘ముగ్గురు మాంత్రికులు’లో పింగళుడు జాలరి. ఆ కథకు మూలం అరేబియన్ నైట్స్‌లోని జూదర్ కథ. పెద్దయ్యాక నేను ఆ మూలాన్ని ఇంగ్లీషులో చదివాను. మూలం గొప్పదే, కాదనను. కాని పింగళుడు నా దృష్టిలో జూదర్‌కు అనువాదం కాడు. అతడు వల భుజాన వేసుకొని మన సముద్రతీరంలో నడిచే మనిషి. పరదేశపు కథను తెచ్చి దానికి పంచె కట్టించడం కాదు జరిగినది. ఆ కథ ఇక్కడే పుట్టి పెరిగినట్లు మాట్లాడడం జరిగింది.

‘రాకాసిలోయ’లో కేశవుడు, జయమల్లు, గోమాంగ కలసి తిరుగుతారు. వారిని వెంటాడేవాడు బ్రహ్మదండి మాంత్రికుడు. బ్రహ్మదండి అన్నది పసుపు పువ్వులు పూచే ముళ్ళమొక్క పేరు. పొలాల గట్ల మీద చూసే ఉంటారు. ముళ్ళమొక్క పేరుగల దుష్టుడిని మరచిపోవడం ఎవరితరం? ఇక గోమాంగ పేరు నన్ను చాలాకాలం వేధించింది. సవరలలో గ్రామపెద్దను గమాంగ్ అంటారని తరువాత తెలిసింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి సవర భాషకు చేసిన సేవ మనకందరికీ తెలిసినదే. ఆ ఊరు 1936 నుంచి ఒడిశాలో ఉన్నది. రచయిత ఆ పేరును అటునుంచే తెచ్చుకొన్నాడని నా ఊహ. ‘శిథిలాలయం’లో కూడ నాయకులలో ఒకడైన శిఖిముఖి శబర యువకుడు, అతని స్నేహితుడు విక్రమకేసరి క్షత్రియుడు. ఇద్దరూ ఒకే విస్తరిలో తిన్నంత చనువుగా అడవులు దాటుతారు. కులం, తెగ అన్న ఉపన్యాసం ఎక్కడా ఉండదు. ఒకడికి ఆపద వస్తే రెండవవాడు ముందుకు దూకుతాడు, అంతటితో సరి.

ఈ జంటలను గమనించారా? శిఖిముఖి, విక్రమకేసరి, ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు, ‘మాయాసరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు. నాయకుడు ఒంటరిగా ఉండడు. పక్కన మాట్లాడడానికి, పోట్లాడడానికి, ఒక్కొక్కప్పుడు ఎగతాళి చేయడానికి మరొకడు ఉంటాడు. కథంతా మాటల మీద నడవడానికి ఇదే కారణమని నేననుకొంటాను. వర్ణన తక్కువ, సంభాషణ ఎక్కువ. వాక్యం చిన్నది. ఎవరు ఎక్కడ నిలిచాడో, బాణం ఎటునుంచి వచ్చిందో, చీకటిలో ఏది కదిలిందో పిల్లవాడికి స్పష్టంగా కనబడుతుంది. సరళంగా రాయడం సులభమని అనుకొనేవారు ఒక యుద్ధాన్ని అర పుటలో, అయోమయం లేకుండ, రాసి చూడవచ్చు.

ఇక్కడ మనవంటి ప్రవాసాంధ్రుల సంగతి ఒకటి చెప్పాలి. ప్రవాసమన్న మాట నాకు నచ్చదు. మా తాతముత్తాతలు ఎన్ని తరాల క్రితం ఈ నేలకు వచ్చారో మాకే తెలియదు, అటువంటి వారిని ప్రవాసులనడం ఏమి సబబు? అది అటుంచండి. మా ఇండ్లలో మాట్లాడే తెలుగు చిత్రమైనది. మాట చివర తమిళపు ‘దాన్’ తగిలించేవాళ్ళం, కూరల పేర్లు సగం తమిళంలో చెప్పేవాళ్ళం. గుంటూరు నుంచో రాజమండ్రి నుంచో బంధువులు వస్తే మా మాట విని నవ్వేవారు. మేము నోరు మూసుకొనేవాళ్ళం. నోటితో మాట్లాడే తెలుగు ఏదయినప్పటికీ, చందమామలోని తెలుగు మాత్రం గుంటూరు పిల్లవాడికీ మాకూ సమానంగా అందేది. ఇంకొక విశేషమేమంటే, ఆ పత్రిక తయారయ్యేది వారి ఊళ్ళో కాదు. మా ఇంటినుంచి బస్సెక్కితే వడపళని ఎంత దూరం? చందమామ కార్యాలయం అక్కడ. తెలుగు పిల్లల కథలన్నీ మా నగరంలో పుడుతున్నాయన్న సంగతి తెలిసిన తరువాత, సెలవులకు వచ్చిన బంధువుల పిల్లల ముందు నేను కొంచెం తలెత్తుకొని నడిచేవాణ్ణి.

మా పక్క ఇంట్లో ఒక తమిళ కుటుంబం ఉండేది. వారింటికి అంబులిమామా వచ్చేది, మా ఇంటికి చందమామ. బొమ్మలు అవే, కథ అదే. వారి అబ్బాయి, నేను గోడ మీద రెండు పత్రికలూ పరచుకొని పక్కపక్కన చదివేవాళ్ళం. కథ ముందే తెలుసు కాబట్టి నాకు తమిళ అక్షరాలు నెల నెలా కొన్ని చొప్పున కూడబలుక్కొనడం వచ్చింది. ఎవరూ బెత్తం పట్టుకొని నేర్పలేదు. వాడికి తెలుగు నా తమిళమంత బాగా రాలేదు, ఈ మాట వాడి ఎదుట చెప్పినా ఒప్పుకొంటాడు. ఆ రోజుల్లో ఇద్దరి కథా ఎక్కడో ఒకచోట సమంగా పుడుతున్నదని అనుకొనేవాళ్ళం. కథలు తెలుగులో తయారై, ఇతర భాషలలోకి అనువాదమవుతాయని పెద్దయ్యాక తెలిసింది. కన్నడంలో, హిందీలో, మరాఠీలో చాందోబాగా, ఒడియాలో జహ్నమాముగా పిల్లలు చదువుకొన్న సాహసాలు మొదట తెలుగు వాక్యాలు. బళ్ళారిలోనో బరంపురంలోనో షోలాపురంలోనో ఉన్న మనవారి పిల్లలు పక్కింటి పిల్లలతో ఈ కథలను గురించి వాదించుకొన్నప్పుడు, వారి భాష ఏనాడూ అరువు భాష కాదు. అల్పసంఖ్యాక భాషలో చదువుకొనే పిల్లవాడి మనస్సులో ఏదో ఒక మూల, తన భాష ఇంటి గడప దాటదేమోనన్న దిగులు ఉంటుంది. ఆ దిగులు మాకు తెలియకుండానే ఈ కథలు తీర్చాయి.

పెద్దలు అభ్యంతరాలు చెప్పకపోలేదు. మంత్రాలు, భూతాలు, నరబలులు పిల్లల బుర్రలు పాడుచేస్తాయని మా ఇంట్లోనే ఒక పెదనాన్నగారు వాదించేవారు. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. ఆ పత్రికను నడిపిన కుటుంబరావుగారు హేతుదృష్టి గలవారు, మార్క్సిస్టు భావాలవారు, విరసంలో ప్రముఖులు. అటువంటివారు మాంత్రికులను ఎందుకు రానిచ్చారు? కథలు మళ్ళీ చదివితే సమాధానం దొరుకుతుంది. ఈ కథలలో మంత్రం ఎవరినీ గట్టెక్కించదు. మాంత్రికుడు ఎంత శక్తిమంతుడో అంత పిరికివాడు, అంత దురాశాపరుడు. ఒక మాంత్రికుడు మరొకడిని నమ్మడు. చివరకు కత్తి పట్టిన చెయ్యి, ఆలోచించే బుర్ర, వెన్నంటి ఉండే స్నేహితుడు గెలుస్తారు. మంత్రాలకు భయపడవద్దని పిల్లలకు చెప్పడానికి మాంత్రికుణ్ణి కథలోకి తీసుకురాక తప్పదు కదా. పెదనాన్నగారు ఈ వాదం వినడానికి ఇప్పుడు లేరు. ఉన్నా ఒప్పుకొనేవారు కాదు.

ఈ కథలు రాసినవారెవరు? దశాబ్దాలపాటు మాకు తెలియదు. ఆ ధారావాహికలకు రచయిత పేరు వేసే ఆనవాయితీ లేదు. బొమ్మల మీద ‘చిత్రా’ అన్న సంతకం ఉండేది. దానిని మేము దేవనాగరి శాసనం చదివినంత శ్రద్ధగా చదివేవాళ్ళం. రచయిత మాత్రం గాలి. కొందరు కుటుంబరావుగారే అనుకొన్నారు, కొందరు చక్రపాణిగారనుకొన్నారు. ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో పుట్టి, 1952లో చందమామలో చేరి, 2006 వరకు, అంటే 54 సంవత్సరాలు, అక్కడే పనిచేశారు. ‘తోకచుక్క’ మొదలుపెట్టేనాటికి ఆయన వయస్సు ఇరవైరెండేళ్ళు కూడ లేదు. లెక్క వేసి చూడండి: మమ్మల్ని గడగడలాడించిన ఆ మాంత్రికులందరినీ సృష్టించినవాడు అప్పటికి మా ఇంట్లో మా చిన్నాన్న ఈడువాడు. పాఠకులు ఆయన పేరు తెలుసుకొని, వెదకి, పలకరించే నాటికి ఆయన వృద్ధుడు. 2010 జనవరిలో కన్నుమూశారు. చిత్రాగారి అసలు పేరు టి.వి. రాఘవన్. ఆయన 1978లో, అంటే ‘భల్లూక మాంత్రికుడు’ ముగిసిన ఏడాదిలోనే, మరణించారు. ఆ తరువాత చందమామలో ఇటువంటి ధారావాహిక రాలేదు. కారణం ఏదైనా కానివ్వండి, ఆ బొమ్మలు లేకుండ ఆ కథలను నేను ఊహించుకోలేను. గ్రీకు శిరస్త్రాణం, చైనా కోటగోడ, మన గుడి గోపురం ఒకే బొమ్మలో ఇమిడిపోయి, ఇది ఏ దేశమన్న ప్రశ్న పుట్టనివ్వని చెయ్యి ఆయనది.

ఒక నగరంలో, ఒకే బస్సు మార్గంలో, ఆయనా మేమూ అన్ని సంవత్సరాలు తిరిగాము. ఏ సాయంకాలమో ఆయన నా పక్క సీటులోనే కూర్చొని, మరునాడు గోమాంగకు ఏ ఆపద తెచ్చిపెట్టాలా అని ఆలోచించి ఉండవచ్చు. కీర్తి ఆశించక పనిచేయడం గొప్పగుణమే. అయినా ఒక పిల్లవాడు తనకు ఇష్టమైన కథ రాసిన మనిషికి కార్డుముక్క రాయాలనుకొంటే, చిరునామా పైన రాయడానికి ఒక పేరు ఉండవలసింది.

నా మనుమరాలు బెంగళూరులో ఏడవ తరగతి చదువుతున్నది. హ్యారీ పాటర్ పుస్తకాలు ఏడూ దానికి కంఠస్థం. 1997లో మొదటిది, 2007లో ఏడవది వచ్చాయట. ఇది పుట్టకముందే అన్నీ అయిపోయాయి. అందువల్ల దానికి ఎదురుచూడడమన్నది తెలియదు, వారం రోజులలో ఏడూ మింగింది. మొదట నాకు చిన్న అసూయ కలిగిన మాట నిజం. చదివి చూశాను. బాగున్నాయి. మాంత్రికుల మధ్య వైరం, ముగ్గురు స్నేహితులు, పేరెత్తడానికి భయపడే దుష్టుడు, ఇవన్నీ నా పాత పరిచయస్థులే. ఆ పుస్తకాల రచయిత్రి స్త్రీ అని తెలిస్తే మగపిల్లలు చదవరేమోనన్న శంకతో ప్రచురణకర్తలు పేరును పొడి అక్షరాలు చేయించారని అది చెప్పింది. “మా రచయితకు ఆ పొడి అక్షరాలు కూడ లేవమ్మా” అన్నాను. అప్పుడు దానికి ఆసక్తి కలిగింది. “చదువు తాతయ్యా, వింటాను” అన్నది. చదువు అన్నది, చదువుతాను అనలేదు. దానికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు.

‘రాకాసిలోయ’ తీశాను. రోజుకొక భాగం. రెండవ భాగం ఇప్పుడే చదవమని ఎంత బతిమాలినా చదవలేదు. “ఇంకా ఉంది అని రాసి ఉన్నది చూడు” అని పుస్తకం మూసేవాణ్ణి. నాలుగైదు రోజులకు అది గట్టి ప్రశ్న వేసింది. “ఇందులో అమ్మాయిలేరి?” నా దగ్గర జవాబు లేదు. ఆ కథలలో స్త్రీలు తక్కువ; ఉన్నవారిలో చాలామంది ఎవరో ఎత్తుకుపోతే మరెవరో విడిపించవలసిన రాకుమార్తెలు. ఇది లోపమే. అడవి తెగలను ఒకచోట వీరులుగా, మరొకచోట నరబలులిచ్చే మూకలుగా చూపడం కూడ నేడు చదువుతుంటే గుచ్చుకొంటుంది. దీర్ఘంగా సాగిన కథలలో ఒకే గుహ, ఒకే బంధనం, ఒకే విడుదల మళ్ళీ మళ్ళీ వస్తాయి. నెలకొకసారి చదివితే తెలియదు, వరుసగా చదివితే తెలుస్తుంది. ప్రేమించిన పుస్తకంలో తప్పులు చూడకూడదన్న నియమం ఏదీ లేదు. మనుమరాలు మాత్రం తప్పు చూపించిన తరువాత, “సరే, చదువు” అన్నది.

సెలవులు ముగిసేనాటికి కథ సగమే అయింది. పుస్తకం తీసుకుపొమ్మన్నాను. తీసుకుపోయింది. ఇప్పుడు ఆదివారం సాయంకాలాలలో ఫోనులో మొదటి పేరాను అది కూడబలుక్కొని చదువుతుంది, మిగతాది నేను చదువుతాను. వత్తుల దగ్గర తడబడుతుంది. ‘బ్రహ్మదండి’ని మొదటిసారి పలికినప్పుడు నాలుక తిరగక నవ్వింది. ఆ పేరా గడచిన కథే కాబట్టి దానికి భయం లేదు. తెలిసిన సంగతినే చదువుతున్నది. పూర్వం నేను తమిళం కూడబలుక్కొన్నది ఈ పద్ధతిలోనే.

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు దీనివల్ల ఒక విన్నపం. చందమామ 2013 తరువాత రావడం లేదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం తరువాత ఒకటవ తరగతినుంచి తమిళం నేర్వడం దశలవారీగా తప్పనిసరి అయింది. దాని మంచిచెడ్డలు చర్చించే వేదిక ఇది కాదు. మన పిల్లలు ఇంటిదగ్గర ఒక భాష, వీథిలో ఒకటి, ఉద్యోగానికి ఒకటి మోస్తున్నారు. ఈ మూడింటి నడుమ తెలుగు చదవడమన్నది ఒక కర్తవ్యంగా, తాతగారి కోరికగా మిగిలిపోతే పిల్లవాడు పరీక్ష అయిన మరునాడే దానిని దించివేస్తాడు. వాడిని నిందించి ప్రయోజనం లేదు. భాష గొప్పతనాన్ని గురించి ఉపన్యాసాలు మనం 75 ఏళ్ళుగా చెప్పుకొంటున్నాము. తరువాత ఏమి జరుగుతుందో తెలుసుకోవాలంటే తెలుగు చదవక తప్పని పరిస్థితిని వారానికి ఒక పావుగంట కల్పించి చూడమంటున్నాను. ఆ ధారావాహికలు ఇప్పుడు పుస్తకాలుగా దొరుకుతున్నాయి. వాటిని పిల్లవాడికి మొత్తంగా ఇచ్చివేయవద్దు. శుక్రవారం చివరి గంటలో ఒక భాగం, అంతే. అడిగినా రెండవ భాగం చదవవద్దు. మరీ బతిమాలితే పుస్తకం వాడి చేతికిచ్చి, “నువ్వే చదువుకో” అనండి.

మా ఇంట్లో నేను దాచుకొన్న చందమామలను సంవత్సరాలవారీగా బైండు చేయించాను. కొన్ని సంచికలు చెదలకు పోయాయి, కొన్ని అరువుకు పోయి తిరిగి రాలేదు. అరువు తీసుకొన్నవారిలో ఇద్దరు ఈ సభలోనే ఉన్నారు, పేర్లు చెప్పను. మిగిలిన సంపుటాలు పధ్నాలుగు. ఈ రోజు ప్రధానోపాధ్యాయినిగారికి వాటిని అప్పగిస్తున్నాను. వాటిని గ్రంథాలయంలో గాజు తలుపుల బీరువాలో పెట్టి తాళం వేయవద్దనీ, కుర్చీ వేసుకోకుండ అందుకోగలిగిన అరలో పెట్టమనీ కోరుతున్నాను. చిరిగితే నాకు కబురు చేయండి, మళ్ళీ బైండు చేయించి ఇస్తాను. వచ్చే శుక్రవారం చివరి గంటలో ఆరవ తరగతికి ‘రాకాసిలోయ’ మొదటి భాగం చదవడానికి వారు నాకు అనుమతి ఇచ్చారు. తల్లిదండ్రులలో ఎవరైనా వచ్చి వెనుక బల్ల మీద కూర్చొనదలిస్తే అభ్యంతరం లేదన్నారు.